అతిశీతల వాతావరణంలో రైఫిల్ మందుగుండు పనితీరు: శాస్త్రీయ వివరణ, పరిభాషా పరిశీలన

సారాంశం:
రైఫిల్ తూటా పనితీరుపై చలి ప్రభావం ఒకే రకమైనది కాదు. తూటాలోని మందు మీద, గొట్టం దాటిన గుండు మీద, మందును అంటించే రంజకం మీద, తుపాకి యంత్రభాగాలలోని కందెన మీద అది వేరువేరు మార్గాల్లో పనిచేస్తుంది. ఈ మార్గాలను విడదీసి చూడకపోతే సియాచిన్ వంటి ఉన్నత హిమప్రాంతాల్లో జరిగేదానికీ, ఫిన్లాండ్ వంటి పల్లపు శీతలదేశాల్లో జరిగేదానికీ ఉన్న భేదం అర్థం కాదు. ‘మందుగుండు’ అనే తెలుగు సమాసం ఈ విభజనను తనలోనే ఇముడ్చుకొన్నది. ఆ పదాన్ని ఆధారం చేసుకొని ఈ విషయంలోని భౌతిక, రసాయన సూత్రాలను, చారిత్రక ఉదాహరణలను, వాటిని తెలుగులో చెప్పడానికి కావలసిన పరిభాషను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: మందుగుండు, రంజకం, దహనవేగం, గాలి సాంద్రత, సియాచిన్, శీతకాల యుద్ధం, బయాథ్లాన్, శాస్త్ర పరిభాష.

1. ఉపోద్ఘాతం

మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీల ఎండలో సికింద్రాబాద్ వంటి చోట ఒక సైనికుడు తన రైఫిల్ గురిని సరిచేసుకొన్నాడని అనుకోవాలి. అదే రైఫిల్‌ను, అదే పెట్టెలోని తూటాలను మైనస్ 20 డిగ్రీల చలిప్రాంతానికి తీసుకువెళ్లి, గురిబిళ్లను ఏమాత్రం కదపకుండా కాలిస్తే గుండు మునుపటి చోట తగలదు. ఎంత తేడాతో తగులుతుంది, ఎటు జరుగుతుంది, ఎందుకు జరుగుతుంది అన్నవి సైన్యంలో ప్రాణాలతో ముడిపడిన ప్రశ్నలు. తెలుగునేల నుంచి వెళ్లి హిమాలయ సరిహద్దుల్లో కాపలా కాసే సైనికులు ఈ 60 డిగ్రీల అంతరాన్ని అనుభవంలో ఎరిగినవారే. ఇంతటి విషయాన్ని తెలుగులో వివరించబోతే మొదట ఎదురయ్యేది శాస్త్రం కాదు, భాష. దినపత్రికల భాషలో ‘బుల్లెట్’ అన్న మాట ఒకచోట మొత్తం తూటాను, మరొకచోట దాని కొసన ఉండే లోహపు గుండును సూచిస్తుంది. ‘తూటా’ అన్న మాటకూ ఇదే గతి పట్టింది. చలి ఈ రెండింటిపై పనిచేసే తీరు వేరు కాబట్టి, మాట కలగాపులగమైతే వివరణ కూడా కలగాపులగం అవుతుంది.

2. మందుగుండు: పదం, పదార్థం

‘మందుగుండు’ ద్వంద్వసమాసం. మందూ, గుండూ అని విగ్రహవాక్యం. తుపాకి గొట్టంలో మందును వేరుగా, గుండును వేరుగా దట్టించిన కాలంలో పుట్టిన మాట ఇది. ఆ రెండూ ఒకే తొడుగులో చేరి తూటాగా మారినా సమాసంలోని రెండు పదాలూ తమ అర్థాలను కోల్పోలేదు. నేటి రైఫిల్ తూటాలో నాలుగు భాగాలుంటాయి. దాదాపు 70 పాళ్లు రాగి, 30 పాళ్లు తుత్తునాగం కలిసిన ఇత్తడి తొడుగు మొదటిది. తొడుగు అడుగున చిన్న గిన్నెలో ఉండి, సూది దెబ్బకు నిప్పు పుట్టించే పదార్థం రెండవది. తొడుగు లోపలి మందు మూడవది, కొసన బిగించిన గుండు నాలుగవది. రెండవ భాగానికి నేడు ‘ప్రైమర్’ అన్న ఆంగ్లపదమే వాడుకలో ఉన్నది గాని, పాత తెలుగులో తుపాకి చెవిలో పోసి అంటించే మందుకు ‘రంజకం’ అన్న పేరున్నది. పదార్థం మారినా పని మారలేదు కనుక ఆ పేరును పునరుద్ధరించుకోవడంలో తప్పులేదు. ఈ వ్యాసంలో ‘తూటా’ అంటే నాలుగు భాగాల మొత్తం, ‘గుండు’ అంటే గొట్టం నుంచి వెలువడే భాగం మాత్రమే.

మందు స్వభావాన్ని గురించి కొంత చెప్పుకోవాలి. సురేకారం, గంధకం, బొగ్గు కలిపి చేసిన నల్లమందు స్థానంలో పొగరాని మందును 1884లో ఫ్రాన్స్‌కు చెందిన పాల్ వియే రూపొందించాడు. నైట్రోసెల్యులోజ్ దానికి మూలం. కొద్ది సంవత్సరాలకే ఆల్ఫ్రెడ్ నోబెల్ నైట్రోసెల్యులోజ్‌లో నైట్రోగ్లిసరిన్‌ను కలిపి మరింత శక్తిమంతమైన మందును తయారుచేశాడు. బ్రిటన్‌లో రూపొందిన కార్డైట్ కూడా ఈ రెండవ కోవకు చెందినదే. నీలగిరులలోని అరువంకాడులో ఇరవయ్యవ శతాబ్దారంభంలో నెలకొల్పిన కర్మాగారం పేరులో ఆ మాట నేటికీ నిలిచి ఉన్నది. ఈ చరిత్రను ఇక్కడ ప్రస్తావించడానికి కారణం ఉన్నది. చలికి మందు స్పందించే తీరు దాని కూర్పును బట్టి, గింజల ఆకారాన్ని బట్టి, వాటిపై పూసిన పూతను బట్టి మారుతుంది. ‘చలికి ఇంత వేగం తగ్గుతుంది’ అని అన్ని తూటాలకూ వర్తించే ఒకే అంకె లేకపోవడానికి మూలం ఇదే.

3. మందుపై చలి

తుపాకి మందు పేలుతుందని వ్యవహారంలో అంటాం గాని నిజానికి అది మండుతుంది. గింజ ఉపరితలం నుంచి లోపలికి పొర తరువాత పొరగా, అతివేగంగా కాలుతూ వాయువులను విడుదల చేస్తుంది. ఒక పొర మండాలంటే ముందుగా అది నిర్ణీతమైన ఉష్ణోగ్రతకు చేరాలి. 40 డిగ్రీల దగ్గర ఉన్న గింజకూ మైనస్ 20 డిగ్రీల దగ్గర ఉన్న గింజకూ ఆ స్థాయిని అందుకోవడానికి కావలసిన వేడి ఒకటి కాదు. చల్లని గింజ ప్రతి పొరకూ అదనపు వేడిని గుంజుకొంటుంది కాబట్టి దహనవేగం తగ్గుతుంది.

ఇంతటితో ఆగితే ప్రభావం స్వల్పంగానే ఉండేది. అయితే మందు దహనవేగం దాని చుట్టూ ఉన్న పీడనంపై కూడా ఆధారపడుతుంది. పీడనం పెరిగితే దహనం వేగవంతమవుతుంది, ఆ దహనం మళ్లీ పీడనాన్ని పెంచుతుంది. ఈ సంబంధాన్ని సూత్రీకరించినవాడు కూడా పైన చెప్పిన వియేనే. చలిలో ఇదే చక్రం వెనక్కు తిరుగుతుంది. దహనం మందగించినందున పీడనం నిదానంగా పెరుగుతుంది, పీడనం చాలనందున దహనం ఇంకా మందగిస్తుంది. గుండు గొట్టంలో ప్రయాణించే కాలం ఇంచుమించు ఒక మిల్లీసెకను మాత్రమే. సైనిక రైఫిల్‌లో వాయుపీడనం ఆ వ్యవధిలోనే సాధారణ వాతావరణ పీడనానికి నాలుగు వేల రెట్ల దాకా పెరిగి తగ్గుతుంది. ఆలస్యంగా కాలిన మందు ఇచ్చే తోపులో కొంత భాగం గుండుకు అందకుండానే పోతుంది.

ఫలితంగా గుండు తొలివేగం తగ్గుతుంది. సాధారణమైన మందులలో ఉష్ణోగ్రత ఒక డిగ్రీ సెల్సియస్ తగ్గితే తొలివేగం సెకనుకు దాదాపు అర మీటరు తగ్గుతుందన్నది స్థూలంగా పనికివచ్చే లెక్క. దీని ప్రకారం సెకనుకు 840 మీటర్ల వేగంతో వెళ్లవలసిన గుండు 60 డిగ్రీల చలి తేడాకు 810 మీటర్ల వేగంతో వెలువడుతుంది. గాలిలో ఏ మార్పూ లేదనుకొని, గురి ముందటిలాగే ఉంచితే, 100 మీటర్ల దూరంలో ఇది గుండును అర సెంటీమీటరు మాత్రమే కిందికి దించుతుంది. ఇది కంటికి ఆనదు. 500 మీటర్ల దగ్గర మాత్రం తేడా ఇంచుమించు జానెడు. దూరం అయిదు రెట్లయితే తేడా అయిదు రెట్లు కాక అంతకు ఎన్నో రెట్లు కావడానికి కారణం స్పష్టమే. గుండు కిందికి పడే దూరం అది గాలిలో గడిపిన కాలపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. దగ్గరి గురితో పరీక్షించి ‘చలి వల్ల ఏ మార్పూ లేదు’ అని తేల్చడం ఎంత ప్రమాదకరమో ఈ అంకెలే చెబుతాయి.

గింజల పూతలో, కూర్పులో మార్పులు చేసి, ఉష్ణోగ్రతకు అంతగా చలించని మందులను ఇటీవలి దశాబ్దాలలో తయారుచేశారు. ఆస్ట్రేలియాలోని మల్వాలాలో తయారయ్యే కొన్ని రకాలు ఇందుకు పేరుపొందినవి. వీటిలో వేగపు తేడా పైన చెప్పిన దానిలో మూడవ వంతుకో, నాలుగవ వంతుకో తగ్గుతుంది. తేడా పూర్తిగా పోదు.

సైనిక ప్రమాణాలు ఈ విషయాన్ని యాదృచ్ఛికానికి వదిలిపెట్టలేదు. అమెరికా ప్రమాణాలలో తూటాలను మైనస్ 54 డిగ్రీల దాకా చల్లబరచి, 52 డిగ్రీల దాకా వేడిచేసి వేగాన్నీ పీడనాన్నీ పరీక్షించే పద్ధతి ఉన్నది. ఫిరంగి మందులో చలి మరొక రకమైన ప్రమాదాన్ని కూడా తెస్తుంది. అతిశీతలంలో పెళుసుబారిన పెద్ద గింజలు అంటుకొన్న తొలి తాకిడికే విరిగితే మండే ఉపరితలం హఠాత్తుగా పెరిగి, తగ్గవలసిన పీడనం ఎగబాకుతుంది. చలి అంటే ఎల్లప్పుడూ బలహీనతే అనుకొనేవారికి ఇది ఒక హెచ్చరిక. రైఫిల్ తూటాలోని చిన్న గింజలకు ఈ భయం తక్కువ.

4. గుండుపై చలిగాలి

గొట్టం దాటిన గుండుకు మందుతో సంబంధం తీరిపోతుంది. ఆ తరువాత దానిని నిరోధించేది గాలి. పీడనం మారకుండా ఉష్ణోగ్రత తగ్గితే గాలి సాంద్రత పెరుగుతుంది. సముద్రమట్టం దగ్గర 30 డిగ్రీల వేడిలో ఘనమీటరు గాలి బరువు సుమారు 1.16 కిలోలు, మైనస్ 30 డిగ్రీల దగ్గర 1.45 కిలోలు. అంటే నాలుగవ వంతు పెరిగినట్లు. ఆ మేరకు గుండును వెనక్కు లాగే నిరోధం కూడా పెరుగుతుంది. ఫిన్లాండ్, ఉత్తర రష్యా, కెనడా వంటి పల్లపు శీతలప్రాంతాల్లో మందు బలహీనత, గాలి చిక్కదనం రెండూ ఒకే దిశలో పనిచేసి గుండును కిందికి దించుతాయి. దూరం పెరిగేకొద్దీ ఇందులో గాలి వాటా మందు వాటాను మించిపోతుంది.

సియాచిన్ విషయం ఇందుకు భిన్నం. 1984 ఏప్రిల్ 13న ఆపరేషన్ మేఘదూత్‌తో భారతసైన్యం ఆ హిమనదంపై అడుగుపెట్టింది. అక్కడి స్థావరాలలో అనేకం 5,000 మీటర్లకు పైన ఉన్నాయి. 1987 జూన్‌లో బానాసింగ్ నాయకత్వంలోని దళం స్వాధీనం చేసుకొని, తరువాత ఆయన పేరుతోనే వ్యవహరింపబడుతున్న శిఖరస్థావరం 6,400 మీటర్లు దాటిన ఎత్తులో ఉన్నది. 5,500 మీటర్ల ఎత్తున గాలిపీడనం సముద్రమట్టంలో ఉన్నదానిలో దాదాపు సగం. మైనస్ 30 డిగ్రీల చలిని లెక్కలోకి తీసుకొన్నా అక్కడ ఘనమీటరు గాలి బరువు 0.72 కిలోల దగ్గరే ఉంటుంది. మైదానంలోని వేసవి గాలి కన్నా ఇది ఇంచుమించు 40 శాతం పలుచన. అందువల్ల హిమశిఖరాలపై చలి మందును బలహీనపరుస్తుంది గాని, ఎత్తు గుండుకు దారి సులభం చేస్తుంది. దూరపు గురిలో రెండవ ప్రభావమే ఎక్కువ కాబట్టి మైదానంలో సరిచేసుకొన్న తుపాకి అక్కడ లక్ష్యానికి కిందగా కాక పైగా కాల్చే అవకాశమే అధికం. ‘చలిలో గుండు కిందికి పడుతుంది’ అన్న ఒక్క వాక్యాన్ని సూత్రంగా పట్టుకొన్నవాడు సియాచిన్‌లో గురిని మరింత పైకి ఎత్తి, ఉన్న పొరపాటును రెట్టింపు చేసుకొంటాడు. మందునూ గుండునూ విడిగా లెక్కించాలని ఈ వ్యాసం నొక్కిచెప్పడం ఇందుకే.

చలిగాలిలో ధ్వనివేగం కూడా తగ్గుతుంది. 30 డిగ్రీల దగ్గర సెకనుకు 349 మీటర్లున్న ధ్వనివేగం మైనస్ 30 దగ్గర 313 మీటర్లకు దిగుతుంది. ఇది పీడనంతో నిమిత్తం లేకుండా ఉష్ణోగ్రతను మాత్రమే అనుసరిస్తుంది. సైనిక రైఫిల్ గుండు ధ్వనివేగానికి రెట్టింపు పైచిలుకు వేగంతో బయలుదేరుతుంది కాబట్టి సాధారణ దూరాలలో దీనికి ప్రాముఖ్యం తక్కువ. క్రీడారైఫిల్ విషయంలో మాత్రం ఈ అంశం మళ్లీ ముందుకు వస్తుంది.

5. రంజకం, కందెన, తేమ

వేగం తగ్గడం ఒక సమస్య. తుపాకి అసలు పేలకపోవడం అంతకన్నా పెద్ద సమస్య. యుద్ధచరిత్రలో చలి వల్ల కలిగిన నష్టాలలో ఎక్కువభాగం ఈ రెండవ కోవలోకే వస్తాయి. విచిత్రమేమంటే అందులో తూటా దోషం స్వల్పం. మాఘమాసపు ఉదయాన సీసాలో కొబ్బరినూనె గడ్డకట్టడం తెలుగువారికి కొత్త కాదు. వేసవికోసం ఉద్దేశించిన తుపాకి కందెన అతిశీతలంలో అదేవిధంగా చిక్కబడుతుంది. అప్పుడు రంజకాన్ని కొట్టవలసిన సూది ఆ జిగటలో ఈదుకొంటూ ముందుకు వస్తుంది. దెబ్బలో పస ఉండదు. చల్లబడిన రంజకం నుంచి వచ్చే జ్వాల, చల్లబడిన మందును అంటించడానికి అంతంతమాత్రంగానే సరిపోతుంది. ఈ రెండు లోపాలూ కలిస్తే తూటా పేలకపోవచ్చు, లేదా మీట నొక్కిన కొంతసేపటికి పేలవచ్చు. ఈ రెండవ పరిణామం మరీ అపాయకరం. పేలలేదని వెంటనే తూటాను బయటికి లాగినవాడి చేతిలోనే అది పేలవచ్చు. గొట్టాన్ని సురక్షితమైన దిశలోనే ఉంచి కనీసం అర నిమిషం ఆగాలన్న నియమం ఇందుకే ఏర్పడింది.

1939 నవంబర్ 30న సోవియట్ సేనలు ఫిన్లాండ్‌పై దాడిచేయగా మొదలై, 1940 మార్చి 13న ముగిసిన శీతకాల యుద్ధం ఈ విషయంలో ప్రసిద్ధమైన పాఠం. మైనస్ 40 డిగ్రీల దాకా దిగిన ఆ చలిలో ఫిన్నిష్ సైనికులు తమ ఆయుధాలలోని చిక్కటి కందెనను తుడిచివేసి, పలుచని నూనెలను వాడారు, లేదా పొడిగానే వదిలేశారు. కొల్లా రణరంగంలో పోరాడిన సిమో హైహా పేరు ఈ సందర్భంలో తరచు వినిపిస్తుంది. దుర్భిణి లేని సాధారణ గురిబిళ్లలతోనే ఆయన అయిదువందలకు పైగా శత్రుసైనికులను కాల్చాడని చెబుతారు. ఆయన నైపుణ్యాన్ని తక్కువచేయనక్కరలేదు గాని, తన తూటాలకూ తన గురికీ అలవాటైన చలిలోనే ఆయన పోరాడాడన్న విషయం కూడా గుర్తుంచుకోదగినది. మరుసటేడు మాస్కో ముంగిట జర్మన్ సేనలకు ఆ అలవాటు లేదు. కందెన బిగుసుకొని వారి యంత్రతుపాకులు మొరాయించిన సంగతి యుద్ధచరిత్రలలో విరివిగా నమోదయింది.

వాయుపీడనంతోనే తనంతట తాను తూటా మార్చుకొనే రైఫిళ్లలో మరొక చిక్కు ఉన్నది. మందు పీడనం తగ్గితే యంత్రాన్ని వెనక్కు నెట్టే శక్తి తగ్గుతుంది, ఎదురుగా కందెన నిరోధం పెరుగుతుంది. ఖాళీ తొడుగు పూర్తిగా బయటపడక మధ్యలో ఇరుక్కొంటుంది. ప్లాస్టిక్ భాగాలు చలికి పెళుసుబారడం కూడా ఉన్నదే. 1999 కార్గిల్ యుద్ధకాలంలో ఇన్సాస్ రైఫిల్ తూటాపెట్టెలు చలికి పగిలాయన్న వార్తలు పత్రికలలో విస్తృతంగా వచ్చాయి.

తేమ సంగతి మరింత లోతైనది. వేడిగా ఉన్న గుడారంలోకి మంచులోని రైఫిల్‌ను తెస్తే, చల్లటి నీళ్లగ్లాసు చెమర్చినట్లు లోహమంతా చెమరుస్తుంది. ఆ రైఫిల్‌ను మళ్లీ బయటికి తీసుకువెళితే ఆ తడి సూది చుట్టూ, గొట్టం లోపల మంచుగడ్డగా మారుతుంది. తుపాకిని ‘కాపాడాలని’ లోపలికి తెచ్చినవాడే దానిని పనికిరాకుండా చేసుకొంటాడు. అందుకే శీతలప్రాంత సేనలు రైఫిళ్లను బయటే, చలిలోనే భద్రపరచడం అలవాటు చేసుకొన్నాయి.

6. కొన్ని అపోహలు

చలికి గొట్టం కుంచించుకొని గుండును పట్టేస్తుందన్న మాట వాడుకలో ఉన్నది. ఉక్కు వ్యాకోచగుణకం డిగ్రీకి పదిలక్షలలో దాదాపు 12 వంతులు. 60 డిగ్రీల తేడాకు 7.62 మిల్లీమీటర్ల గొట్టపు వ్యాసం 0.006 మిల్లీమీటరు కూడా తగ్గదు, పైగా గుండు కూడా చల్లబడి తానూ కుంచించుకొంటుంది. ఈ వాదాన్ని విడిచిపెట్టవచ్చు. చలిగాలి వీస్తే తూటా మరింత చల్లబడుతుందన్నది మరొక అపోహ. ఈదురుగాలి మనిషి శరీరం నుంచి వేడిని త్వరగా లాగుతుంది కాబట్టి ఒంటికి చలి ఎక్కువనిపిస్తుంది. స్వంతవేడి లేని తూటా ఆ గాలిలో త్వరగా చల్లబడుతుందే గాని, గాలి ఉష్ణోగ్రత కన్నా కిందికి దిగదు.

తూటాలను చొక్కా లోపల పెట్టుకొని వెచ్చగా ఉంచుకోవడం మంచిదన్న సలహా కూడా వినిపిస్తుంది. ఇందులో సగం నిజం ఉన్నది. వెచ్చని తూటా వేగంగానే వెళ్తుంది. అయితే మొదటి తూటా ఒంటివేడితో, రెండవది రైఫిల్‌లో పావుగంట చల్లబడి, మూడవది కాల్పులతో వేడెక్కిన గొట్టంలో నిలిచి పేలితే మూడూ మూడు వేగాలతో వెళ్తాయి. గురికాడికి తక్కువ వేగం కన్నా నిలకడ లేని వేగమే పెద్ద శత్రువు. తక్కువ వేగాన్ని గురిబిళ్ల సరిచేస్తుంది, నిలకడలేమిని ఏదీ సరిచేయదు.

7. బయాథ్లాన్: కొలవదగిన చలి

చలి ప్రభావాన్ని యుద్ధం కన్నా స్పష్టంగా చూపగలిగేది బయాథ్లాన్ క్రీడ. మంచుపై స్కీలతో పరుగెత్తి మధ్యమధ్య కాల్చే ఈ పోటీ 1960లో శీతకాల ఒలింపిక్స్‌లో ప్రవేశించింది. మొదట సైనిక రైఫిళ్లను వాడేవారు. 1970ల చివర నుంచి 0.22 అంగుళాల చిన్న రైఫిల్ స్థిరపడింది. లక్ష్యాలు 50 మీటర్ల దూరంలో ఉంటాయి. పడుకొని కాల్చేటప్పుడు లక్ష్యవ్యాసం 45 మిల్లీమీటర్లు, నిలబడి కాల్చేటప్పుడు 115. తప్పిన ప్రతి గుండుకూ పోటీని బట్టి 150 మీటర్ల అదనపు చుట్టో, ఒక నిమిషం అదనపు కాలమో శిక్ష.

ఈ తూటాలో రంజకం అడుగున గిన్నెలో కాక తొడుగు అంచు చుట్టూ పల్చగా పరుచుకొని ఉంటుంది. సీసపు గుండుపై మైనం వంటి కందెన పూస్తారు. చలికి ఆ మైనం గట్టిపడితే గొట్టంలో గుండు నడక మారుతుంది, అంచులోని రంజకం సమంగా అంటుకోకపోతే వేగం తూటాతూటాకూ మారుతుంది. క్రీడాకారులు తూటాలను రైఫిల్ చెక్కకే అమర్చుకొని వీపుపై మోస్తారు కాబట్టి మందు చుట్టూ ఉన్న గాలి అంత చల్లగానే ఉంటుంది. సెకనుకు 320 మీటర్ల వేగం 5 శాతం తగ్గిందనుకొంటే 50 మీటర్ల దగ్గర గుండు మరో 12, 13 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. 45 మిల్లీమీటర్ల లక్ష్యంలో కేంద్రం నుంచి అంచుకు ఉన్న దూరమే 22 మిల్లీమీటర్ల పైచిలుకు. అందులో సగానికి మించి చలి ముందే ఖర్చుపెట్టేసినట్లు. దౌడుతీసిన గుండెదడతో కాల్చే మనిషికి మిగిలేది చాలా తక్కువ.

ధ్వనివేగం ప్రస్తావన ఇక్కడ సార్థకమవుతుంది. 15 డిగ్రీల దగ్గర ధ్వనివేగం 340 మీటర్లు కనుక 320 మీటర్ల గుండు దానికి స్పష్టంగా దిగువన ప్రయాణిస్తుంది. మైనస్ 20 దగ్గర ధ్వనివేగం 319 మీటర్లే. చలికి వేగం తగ్గని తూటాను తయారుచేస్తే ఆ గుండు సరిగ్గా ధ్వనివేగపు అంచున, గాలి నిరోధం అస్థిరంగా ఉండే మేరలో పడుతుంది. కాబట్టి వేగాన్ని నిలబెట్టడమే ఇక్కడ లక్ష్యం కాజాలదు, నిలకడను సాధించడం కావాలి. ఇందుకోసం తయారీసంస్థలు ఒకే విడతలో చేసిన తూటాలను శీతలగదులలో ఒక్కొక్క క్రీడాకారుని గొట్టంతో కాల్చి చూసి, ఆ గొట్టానికి నప్పిన విడతను ఎంపిక చేస్తాయి. అంతర్జాతీయ నియమాల ప్రకారం మైనస్ 20 డిగ్రీల కన్నా చలి ఎక్కువగా ఉంటే పోటీని ప్రారంభించరు. ప్రారంభించిన ప్రతి పోటీకీ ముందు క్రీడాకారులు ఆ రోజు చలిలో, ఆ రోజు గాలిలో, ఆ రోజు వాడబోయే విడత తూటాలతోనే గురిని మళ్లీ సరిచేసుకొంటారు.